నాయనమ్మ గదిలోకి పాట: పాత కంప్యూటర్ స్పీకర్లను ఇంటి స్టీరియోకు కలపడం



బదిలీల ఉద్యోగుల ఇళ్లలో ఒక అట్టపెట్టె తప్పకుండా ఉంటుంది. సామాన్లు మోసేవాళ్లు దాన్ని లారీ ఎక్కిస్తారు, దింపుతారు. కొత్త ఊళ్లో అది అటక మీదికి చేరుతుంది. మళ్లీ బదిలీ వచ్చేదాకా దాన్ని ఎవరూ విప్పరు. మా ఇంట్లో ఆ పెట్టె మీద నాన్న చేతిరాతతో "వైర్లు, ఇతరములు" అని ఉంటుంది. విశాఖపట్నం నుంచి నాగపూర్‌కి, నాగపూర్ నుంచి సూరత్‌కి అది మాతోపాటే వచ్చింది. అందులో ఒక జత కంప్యూటర్ స్పీకర్లు ఉన్నాయి. కంప్యూటర్ పాడై దాన్ని తీసేశాం కానీ, స్పీకర్లు బాగానే ఉన్నాయి కదా అని ఉంచేశాం.

మీ ఇంటి పెట్టెలో కూడా అలాంటివి ఉండే ఉంటాయి. వాటిని ఇంట్లోని స్టీరియోకు కలిపి ఇంకో గదిలో పాట వినిపించేలా చేయవచ్చు. మేము అక్కాతమ్ముళ్లం ఆ పని చేశాం. మొదటిసారి తప్పుగా చేసి ఒక జత పాడుచేశాం. రెండోసారి తెలుసుకుని చేశాం. ఆ తప్పు మీరు చేయకుండా ఉండాలని ఈ పాఠం రాస్తున్నాం.

మాకు ఈ అవసరం ఎందుకు వచ్చింది?

తాతయ్య పోయాక నాయనమ్మ హనుమకొండలో ఒక్కతే ఉండలేకపోయింది. నాన్న వెళ్లి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఆమెను సూరత్‌కి తీసుకొచ్చారు. ఆమెతోపాటు ఒక రేకుపెట్టె, రెండు పచ్చడి జాడీలు, తాతయ్య రిటైరైనప్పుడు కొన్న స్టీరియో, ఒక సంచి నిండా క్యాసెట్లు వచ్చాయి. ఆ క్యాసెట్లలో సగం ఒగ్గుకథలే. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, బీరప్ప కథ.

స్టీరియో పెద్దది కాబట్టి హాల్లోనే పెట్టాం. నాయనమ్మ మంచం వెనక గదిలో ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె హాల్లో ఎక్కువసేపు కూర్చోలేదు. మా క్వార్టర్స్‌లో చుట్టుపక్కల అంతా గుజరాతీ, హిందీ. పగలు మేము బడికి, నాన్న ఆఫీసుకి వెళ్లిపోతే ఇంట్లో ఆమెతో తెలుగు మాట్లాడేది అమ్మ ఒక్కతే. ఆ తర్వాత తెలుగు వినిపించేది ఆ క్యాసెట్లలోనే.

వెనక గదికి వినపడాలని అమ్మ హాల్లో సౌండు పెంచేది. మా హాలు గోడకు అవతలే పక్కింటి అన్నయ్య చదువుకునే గది. ఆయన పన్నెండో తరగతి బోర్డు పరీక్షలకు చదువుతున్నాడు. ఒకరోజు పక్కింటి ఆంటీ వచ్చి, "కొంచెం తగ్గిస్తారా, పిల్లాడి పరీక్షలు" అని మర్యాదగానే అడిగింది. తప్పు మాదే. ఆ రోజు నుంచి నాయనమ్మ టేపు పెట్టమని అడగడం మానేసింది. మేము పెట్టబోతే, "వద్దు తియ్ బిడ్డా, ఆ పిలగాన్ని సదువుకోనియ్యి" అనేది. పగలంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది.

సౌండు పెంచడం ఎందుకు పరిష్కారం కాదు?

శబ్దం పుట్టిన చోటు నుంచి దూరం వెళ్లేకొద్దీ బలహీనమవుతుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైనప్పుడు శబ్దతీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంట్లో గోడల నుంచి ప్రతిధ్వనులు కలవడం వల్ల లెక్క అంత కచ్చితంగా ఉండదు. అయినా మధ్యలో తలుపు, గోడ ఉంటే శబ్దం ఇంకా తగ్గుతుంది. మాటల్లోని స, శ, త, ట వంటి హల్లుల శబ్దాలు ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి. గోడ దాటేటప్పుడు ముందు అవే పోతాయి. డోలు దరువు మాత్రం మిగులుతుంది. అందుకే వెనక గదిలో నాయనమ్మకు డోలు వినిపించేది, కథ వినిపించేది కాదు.

ఆమెకు మాట స్పష్టంగా వినపడేంత పెంచితే గోడ అవతలి అన్నయ్యకు అంతకన్నా ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి పెద్ద శబ్దాన్ని దూరం నుంచి పంపడం కాదు, చిన్న శబ్దాన్ని ఆమె చెవి దగ్గరికి తీసుకెళ్లాలి. అప్పుడే మాకు అటక మీది పెట్టె గుర్తుకొచ్చింది.

మేము చేసిన తప్పు

కంప్యూటర్ స్పీకర్ల వైరు చివర సన్నటి పిన్ను ఉంటుంది. దాని మందం 3.5 మిల్లీమీటర్లు. పాత ఫోన్లలో ఇయర్‌ఫోన్లు పెట్టే పిన్ను అదే. మా స్టీరియో వెనక అది పట్టే రంధ్రం కనపడలేదు. పెద్ద స్పీకర్ల వైర్లు బిగించే ఎరుపు, నలుపు క్లిప్పులు మాత్రం ఉన్నాయి. "స్పీకర్ వైర్లు ఇక్కడే కదా పెట్టేది" అనుకుని, పిన్నును కత్తిరించి, లోపలి వైర్లను ఒలిచి, ఆ క్లిప్పుల్లో పెట్టేశాం.

స్టీరియో వేయగానే స్పీకర్లలోంచి చెవులు మూసుకునేంత బొంగురు గోల వచ్చింది. తమ్ముడు వాల్యూమ్ తగ్గించేలోపే చిటపటమని, తర్వాత ఏమీ లేదు. ఆ జత మళ్లీ పలకలేదు. అంతకన్నా ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. స్టీరియో కూడా తనంతట తాను ఆగిపోయింది. అది తాతయ్య కొన్నది. ఆ రాత్రి మేమిద్దరం అన్నం సరిగా తినలేదు.

మర్నాడు నాన్న దాన్ని లింబాయత్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. మేమూ వెళ్లాం. స్టీరియో విప్పి చూసి ఆయన, "దీనికేం కాలేదు. తనను తాను కాపాడుకుంది. మీ స్పీకర్లే పోయినయ్" అని తెలుగులో అన్నాడు! ఆయనది సిరిసిల్ల వైపు. చిన్నప్పుడు తండ్రితోపాటు మరమగ్గాల పని మీద సూరత్ వచ్చాడట. సూరత్‌లో అలా తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో తెలుగువాళ్లం మేమే అనుకున్నాం!

ఆయన చెప్పిందీ, తర్వాత మా ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద లెక్క కట్టి చూపించిందీ కలిపి ఇప్పుడు చెబుతాం.

స్పీకర్లలో రెండు రకాలు

ఏ స్పీకర్ లోపలైనా ముఖ్యంగా ఉండేవి మూడు: ఒక అయస్కాంతం, దాని మధ్య కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు శంకువు. తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ మారుతూ ప్రవహిస్తే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. శంకువు గాలిని నెడుతుంది. అదే మనకు వినిపించే శబ్దం. ఈ పద్ధతి స్పీకర్‌కు ఇప్పటి రూపం ఇచ్చినవారు అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. 1925లో వారు తమ పనిని ప్రకటించారు. నేటికీ ఎక్కువ స్పీకర్లు అలాగే పనిచేస్తాయి.

అయితే ఆ శంకువును కదిలించడానికి బలం కావాలి. ఆ బలాన్నిచ్చేది యాంప్లిఫయర్. అది ఎక్కడ ఉందన్నదే రెండు రకాలకూ తేడా.

స్టీరియోతో వచ్చే పెద్ద స్పీకర్లలో యాంప్లిఫయర్ ఉండదు. అది స్టీరియో పెట్టెలోనే ఉంటుంది. ఆ స్పీకర్లకు వేరే కరెంటు వైరు అక్కర్లేదు. బలమైన సిగ్నల్ స్టీరియో నుంచే వస్తుంది.

కంప్యూటర్ స్పీకర్లలో ఎక్కువ భాగం ఇంకో రకం. జతలో ఒకదాని లోపలే చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. వాల్యూమ్ తిప్పే బటన్, కరెంటు వైరు దానికే ఉంటాయి. కరెంటు ప్లగ్గుకు బదులు యూఎస్‌బీ వైరు ఉన్నా రకం అదే. ఆ వైరు 5 వోల్టుల కరెంటు తీసుకోవడానికి. వీటికి బయటి నుంచి బలహీనమైన సిగ్నల్ చాలు. దాన్ని అవే పెంచుకుంటాయి.

అంటే మేము చేసిందేమిటి? స్టీరియోలో ఒకసారి పెంచిన సిగ్నల్‌ను తీసుకెళ్లి, బలహీనమైన సిగ్నల్ కోసం చూస్తున్న ఇంకో యాంప్లిఫయర్ నోట్లో కుక్కాం.

లెక్క కట్టి చూద్దాం

ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి పాటను పంపే బలహీనమైన సిగ్నల్‌ను లైన్ స్థాయి అంటారు. ఇంట్లో వాడే స్టీరియోలలో అది సుమారు 0.3 వోల్టులు.

ఇప్పుడు స్టీరియో క్లిప్పుల దగ్గర ఎంత ఉంటుందో చూద్దాం. స్పీకర్ వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉందనుకోండి. దానికి స్టీరియో 10 వాట్ల సామర్థ్యం ఇస్తోందనుకోండి. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుందని మనకు తెలుసు. కాబట్టి వోల్టేజి వర్గం = 10 × 8 = 80. 80కి వర్గమూలం సుమారు 9. అంటే 9 వోల్టులు!

0.3 వోల్టులు రావలసిన చోట 9 వోల్టులు. ముప్ఫై రెట్లు. సామర్థ్యం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒకే నిరోధం మీద చూస్తే అది తొమ్మిదివందల రెట్లు. మేడమ్ ఈ లెక్క ముగించి మా వైపు చూసినప్పుడు మేము తలలు దించుకున్నాం.

స్టీరియో ఎందుకు ఆగిపోయింది? దానికి ఇంకో కారణం ఉంది. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద రెండు నల్ల గీతలు, వాటి మధ్య మూడు లోహపు భాగాలు కనిపిస్తాయి. కొన ఎడమ స్పీకర్‌కి, మధ్య భాగం కుడి స్పీకర్‌కి, మొదలు రెండింటికీ ఉమ్మడిగా. కానీ కొన్ని స్టీరియోలలో ఎడమ, కుడి క్లిప్పుల నలుపు చివరలు లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉండవు. ఉమ్మడి వైరుతో వాటిని మనం బయట కలిపేస్తే షార్ట్ సర్క్యూట్ అయినట్టే. మా స్టీరియోలో రక్షణ ఏర్పాటు ఉంది కాబట్టి బతికింది. అన్నింటిలో ఉండదు.

పెద్దాయన ఒక్క మాటలో తేల్చాడు: "పిన్ను పట్టుతాందా అని కాదు బిడ్డా, ఆ కంతల నుంచి ఏం వస్తాందో సూడాలె."

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసింది అదే. రంధ్రంలో పిన్ను పట్టినంత మాత్రాన, క్లిప్పులో వైరు బిగిసినంత మాత్రాన రెండు పరికరాలు కలిసినట్టు కాదు.

మరి ఎక్కడ కలపాలి?

స్టీరియో వెనక వైపు దుమ్ము తుడిచి, టార్చి వేసి, ప్రతి రంధ్రం పక్కన రాసినది చదవండి. మేము మొదటిసారి చేయనిది ఇదే. మా స్టీరియోలో కిందివి కనిపించాయి.

లైన్ అవుట్: ఎరుపు, తెలుపు గుండ్రటి రంధ్రాల జత. కొన్ని సెట్లలో దీన్నే టేప్ అవుట్ అనో, రెక్ అవుట్ అనో రాస్తారు. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి. వీటిని ఆర్‌సీఏ రంధ్రాలంటారు. మన పనికి అన్నిటికన్నా మంచిది ఇది. ఇందులో లైన్ స్థాయి సిగ్నలే వస్తుంది. చాలా సెట్లలో హాల్లోని వాల్యూమ్ బటన్ దీనిమీద పనిచేయదు. అంటే హాల్లో పూర్తిగా తగ్గించినా వెనక గదికి పాట వెళ్తూనే ఉంటుంది.

ఆక్స్ ఇన్: ఇది కూడా ఎరుపు, తెలుపు జతే. చూడటానికి లైన్ అవుట్ లాగే ఉంటుంది. కానీ ఇది బయటి పాటను లోపలికి తీసుకునే దారి. ఇందులో పెడితే స్పీకర్లు పలకవు. "ఇన్" అంటే లోపలికి, "అవుట్" అంటే బయటికి. ఈ ఒక్క మాట చదవకపోవడం వల్ల చాలామంది స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు.

హెడ్‌ఫోన్ రంధ్రం: ఇది స్టీరియో ముందు వైపు ఉంటుంది. పాత సెట్లలో లావు పిన్ను పట్టేది. దాని మందం 6.35 మిల్లీమీటర్లు. వందేళ్లకు పైగా క్రితం టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు కాల్స్ కలపడానికి వాడిన పిన్ను నుంచే ఇది వచ్చింది. సన్నటి పిన్నును లావుగా మార్చే చిన్న అడాప్టర్ దుకాణాల్లో దొరుకుతుంది. ఈ రంధ్రాన్ని కూడా వాడవచ్చు. అయితే ఇందులో సిగ్నల్ హాల్లోని వాల్యూమ్‌ను బట్టి మారుతుంది. కాబట్టి ముందు వాల్యూమ్ సున్నాలో పెట్టి, మెల్లగా పెంచాలి. ఇంకో విషయం, చాలా స్టీరియోలలో ఇక్కడ పిన్ను పెట్టగానే పెద్ద స్పీకర్లు ఆగిపోతాయి.

స్పీకర్ క్లిప్పులు: వీటికి కంప్యూటర్ స్పీకర్లను నేరుగా కలపకూడదు. మీ స్టీరియోకు లైన్ అవుట్ గానీ, హెడ్‌ఫోన్ రంధ్రం గానీ లేకపోతే, కారు స్టీరియోలు బిగించే దుకాణాల్లో బలమైన సిగ్నల్‌ను లైన్ స్థాయికి తగ్గించే చిన్న పెట్టె అమ్ముతారు. దాన్ని తెలిసిన పెద్దవాళ్లతోనే బిగించుకోండి.

రెండో జత ఎలా వచ్చింది?

విషయం తెలిశాక మాకు స్పీకర్లు లేవు. ఇది అమ్మ పక్కింటి ఆంటీతో మాటల్లో చెప్పింది. సాయంత్రానికి ఆంటీ ఒక సంచితో వచ్చింది. అన్నయ్య లాప్‌టాప్ కొన్నాక వాళ్లింట్లో మూలన పడిన స్పీకర్ల జత అది. "బాకి ముందు నేనే ఆ రోజు అలా అడిగానని మనసులో పెట్టుకోకండి" అన్నట్టుగా నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఆంటీకి తెలుగు రాదు, నాయనమ్మకు గుజరాతీ రాదు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నారు.

మేము చేసిన పద్ధతి

కావలసినవి: ఒక చివర ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు, ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న వైరు. దుకాణంలో ఎక్కువగా రెండు చివరలా పిన్నులే ఉన్నది ఇస్తారు. అప్పుడు రెండు పిన్నులను కలిపే చిన్న జాయింటు కూడా అడగాలి. హాలు నుంచి గదికి చేరేంత పొడవు ఉందో ముందే టేపుతో కొలవండి. తలుపు చుట్టూ తిరిగే దూరం కలుపుకుని మాకు 8 మీటర్లు పట్టింది.

1. స్టీరియో, స్పీకర్లు రెండింటి స్విచ్చులూ ఆపి, ప్లగ్గులు తీసేయాలి.

2. రెండింటి వాల్యూమ్‌లూ సున్నాకు తిప్పాలి.

3. ఆర్‌సీఏ పిన్నులను లైన్ అవుట్‌లో పెట్టాలి. ఎరుపులో ఎరుపు, తెలుపులో తెలుపు.

4. వైరును గోడ అంచు వెంట తీసుకెళ్లాలి. తలుపు సందులో నలగకుండా, ఎవరి కాలికీ తగలకుండా చూడాలి. ముఖ్యంగా ముసలివాళ్లు నడిచే దారిలో అడ్డంగా వేయకూడదు. క్వార్టర్స్ గోడలకు మేకులు కొడితే ఖాళీ చేసేరోజు జవాబు చెప్పాల్సి వస్తుంది కదా, అందుకని మేము కాగితపు టేపు వాడాం.

5. గదిలో ఆ వైరుకు స్పీకర్ల పిన్ను కలపాలి.

6. ముందు స్టీరియో వేయాలి, తర్వాత స్పీకర్లు వేయాలి. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు, తర్వాత స్టీరియో. ఇలా చేస్తే "ధబ్" మనే దెబ్బ స్పీకర్లకు తగలదు.

7. స్పీకర్ల వాల్యూమ్‌ను మెల్లగా పెంచాలి. మాట బొంగురుపోతే వెంటనే తగ్గించి, ఎక్కడ కలిపారో మళ్లీ చూడాలి.

గుయ్యిమనే శబ్దం వస్తే

పాట వచ్చింది గానీ దానివెనక "గుయ్య్" అని సన్నగా ఒక మోత వినిపించింది. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగి వస్తుంది. దాని పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఆ మోత దాని ప్రభావమే. మేము పాట వైరును టీవీ కరెంటు వైరు పక్కనే 3 మీటర్లు తీసుకెళ్లాం. కరెంటు వైరు చుట్టూ ఏర్పడే క్షేత్రం పాట వైరులో చిన్న వోల్టేజిని పుట్టిస్తుంది. స్పీకర్లోని యాంప్లిఫయర్‌కు పాటేదో మోతేదో తెలియదు, రెండింటినీ పెంచుతుంది.

వైరును కరెంటు వైరుకు దూరంగా జరిపాం. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాం. మోత దాదాపు పోయింది. వైరు లోపల సన్నటి తీగల జల్లెడ తొడుగు ఉన్న రకం కొంటే ఈ బాధ ఇంకా తక్కువ.

రెండు పరికరాలకూ మూడు పిన్నుల ప్లగ్గులుంటే ఎర్త్ వైర్ల ద్వారా ఒక వలయం ఏర్పడి కూడా మోత రావచ్చు. వీలైతే రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి. అంతేగాని మోత పోతుందని ఎర్త్ పిన్నును ఎప్పుడూ తీసేయకండి. అది మన ప్రాణం కాపాడే పిన్ను. అలాగే కరెంటుతో నడిచే పెట్టెలను మీరు విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది.

రెండు గదుల్లో పాట రెండుగా వినిపించదా?

ఈ సందేహం మాకూ వచ్చింది. వైరులో సిగ్నల్ వెళ్లడానికి పట్టే సమయం లెక్కలోకి రానంత తక్కువ. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. హాల్లోని శబ్దం 8 మీటర్ల దూరం రావడానికి 8 ÷ 343, అంటే సుమారు 0.023 సెకన్లు పడుతుంది. ఇంత చిన్న తేడాను మన చెవి రెండు శబ్దాలుగా వినదు. రెంటినీ ఒకటిగా కలుపుకుంటుంది.

చిన్న స్పీకర్లలో డోలు దరువు కొంచెం పల్చబడిన మాట నిజం. తక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దానికి ఎక్కువ గాలిని నెట్టాలి. చిన్న శంకువుకు అది చేతకాదు. కానీ మాట మాత్రం స్పష్టంగా వస్తుంది. నాయనమ్మకు కావలసింది కథ.

పాడైన జతతో ఒక ప్రయోగం

మేము పాడుచేసిన జతలో పోయింది యాంప్లిఫయరే. వాల్యూమ్ బటన్ లేని రెండో స్పీకర్‌లో శంకువు, అయస్కాంతం తప్ప ఇంకేమీ ఉండవు. దాని వైరును విడదీసి, రెండు కొనలనూ 1.5 వోల్టుల బ్యాటరీ రెండు చివరలకూ ఒక్క క్షణం తాకించాం. "టిక్" మంది. శంకువు ముందుకు కదిలింది. బ్యాటరీని తిప్పి తాకిస్తే వెనక్కు కదిలింది. తాకించి వెంటనే తీసేయాలి, పట్టుకుని ఉంచకూడదు. పుస్తకంలో చదివిన విద్యుదయస్కాంత బలం కంటి ముందు కదలడం అప్పుడు చూశాం. ఈ స్పీకర్‌ను మా ఫిజిక్స్ ల్యాబ్‌కు ఇచ్చేశాం.

యాంప్లిఫయర్ ఉన్న పెట్టెను చెత్తబుట్టలో వేయలేదు. ప్రపంచంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. అందులో సరైన పద్ధతిలో సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కల్లోకి వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. మన దేశంలో వీటికోసం చేసిన కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. మీ ఊళ్లో ఇలాంటివి తీసుకునే కేంద్రం ఎక్కడుందో కనుక్కుని ఇవ్వండి.

మీరూ చేసి చూడండి

1. స్టీరియో 8 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లు ఇస్తే క్లిప్పుల దగ్గర వోల్టేజి ఎంత? అది 0.3 వోల్టులకు ఎన్ని రెట్లు?

2. 8 ఓమ్‌ల స్పీకర్‌తో సమాంతరంగా 4 ఓమ్‌ల స్పీకర్ కలిపితే మొత్తం నిరోధం ఎంత? స్టీరియో వెనక "6 నుంచి 16 ఓమ్‌లు" అని ఉంటే అలా కలపవచ్చా?

3. మీ ఇంట్లోని స్టీరియో లేదా టీవీ వెనక ఉన్న రంధ్రాల బొమ్మ గీసి, ఏవి "ఇన్", ఏవి "అవుట్" అన్నది గుర్తించండి.

చివరగా

ఉత్తరాయణం ముందురోజు సాయంత్రం పని పూర్తయింది. మర్నాడు ఊరంతా మేడల మీద గాలిపటాలు, పాటలు. మేము మాత్రం కాసేపు నాయనమ్మ గదిలోనే ఉన్నాం. మంచం పక్క బల్ల మీద స్పీకర్లు పెట్టి, ఆమె వేలు పట్టుకుని వాల్యూమ్ బటన్ మీద పెట్టాం. కొంచెం తిప్పింది. మల్లన్న కథ వినిపించింది. ఇంకొంచెం తిప్పి, మళ్లీ తగ్గించి, "గిది నా శేతులనే ఉన్నదా?" అని అడిగింది. అవునన్నాం. అన్నాళ్లూ ఆమె పాట వినాలంటే ఎవరినో ఒకరిని పిలవాలి, పెంచమనాలి, తగ్గించమనాలి. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. గోడ అవతల అన్నయ్య చదువు అన్నయ్యది. ఆయన పరీక్షలు కూడా బాగా రాశాడు.

నాన్నకు మళ్లీ బదిలీ వచ్చే సంవత్సరం ఇది. ఎక్కడికో తెలియదు. ఈసారి పెట్టెలో పెట్టేటప్పుడు వెతుక్కోకుండా ఆ వైరుకు ఇప్పుడే ఒక చీటీ కట్టాం. దానిమీద ఇలా రాశాం: "నాయనమ్మ పాట వైరు. లైన్ అవుట్‌లో పెట్టాలి. క్లిప్పులకు కలపరాదు."